వానలు వెనుదిరుగు వేళ సాత్మల అడవులు

ఆషాఢము నడుమనుండి భాద్రపదము చివరి దాక, నేరడిగొండ వద్ద జాతీయ రహదారిని విడిచి కుంటాల జలపాతమునకు పోవు త్రోవ ఆదివారములందు చిన్న జాతరవలె ఉండును. హైదరాబాదు, నిజామాబాదు, కరీంనగరములనుండియు, ఎల్లకు ఆవలనున్న మహారాష్ట్రమునుండియు జనులు కార్లలోను, మోటారుసైకిళ్ళపైనను వత్తురు. ఆశ్వయుజము ప్రవేశించునప్పటికి ఆ సందడి సన్నగిల్లును. మక్కకంకులు కాల్చి అమ్మినవారు పొయ్యిరాళ్ళను అక్కడనే విడిచి ఇండ్లకు పోవుదురు. ‘ఈ ఏటికి సీజను అయిపోయినది’ అని పంచాయతీ కార్యాలయములలో కూడ అనుకొందురు.

ఈ అనుకోలు సగము మాత్రమే నిజమని చెప్పుట మా ఉద్దేశము. సందర్శకుల ఋతువు ముగియును. అడవి అంచున బ్రతుకు గ్రామములకు అసలు ఋతువు అప్పుడే మొదలగును. బతుకమ్మ పండుగనుండి కార్తిక పౌర్ణమి వరకు గల ఆరు ఏడు వారములలో అడవిలో జరుగు మార్పులను పంచాయతీ సభ్యులు ఎరిగియుండుట కేవలము వినోదము కొరకు కాదు. కొన్ని ఎడల అది మనుష్యుల ప్రాణములకు సంబంధించిన విషయము.

ఉత్తర తెలంగాణమున సహ్యాద్రి శాఖయగు సాత్మల కొండలు పూర్వపు ఆదిలాబాదు జిల్లాకు వెన్నెముకవంటివి. 2016 అక్టోబరులో ఆ జిల్లా ఆదిలాబాదు, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాదు అను నాలుగు జిల్లాలైనది. కొండలు మాత్రము మునుపటివలె ఒక్కటిగనే ఉన్నవి. వీని నడుమ కవ్వాల అభయారణ్యము 1965లో ఏర్పడి, 2012లో పులుల సంరక్షణ కేంద్రముగా ప్రకటింపబడినది. దాని నడిభాగము సుమారు 893 చదరపు కిలోమీటర్లు; చుట్టునున్న రక్షక ప్రాంతము సుమారు 1,123 చదరపు కిలోమీటర్లు. ఈ రెండవ భాగములోని గ్రామములకును, కాగజ్‌నగర్, పెంచికలపేట, బెజ్జూరు వైపు అడవుల అంచుననున్న గ్రామములకును ఈ వ్యాసము ముఖ్యముగా వర్తించును.

కుంటాల మెట్లపై

గత సంవత్సరము బతుకమ్మ నాళ్ళలో మేము కుంటాలకు పోయితిమి. కడెము నది ఇచ్చట 147 అడుగుల ఎత్తునుండి మెట్లుమెట్లుగా ఉన్న బండలపై దుముకును. శ్రావణమున చూచినవారికి అది ఒక్కటే బురదనీటి గోడ. ఆ చప్పుడులో పక్కవాని మాట వినబడదు. ఆశ్వయుజమున నీరు తేటపడి, వేర్వేరు పాయలుగా చీలి, నడుమ నల్లని బండలు బయటపడును. బండల పగుళ్ళలో నాచును, చిన్న చిన్న పచ్చని మొక్కలును మొలచును. మా దృష్టిలో ఇదియే ఆ జలపాతమునకు మిక్కిలి అందమైన కాలము. అయినను చూచుటకు వచ్చువారు తక్కువ. జనులకు చప్పుడు కావలెను కాబోలు.

మెట్లపై కూర్చున్న పొరుగు గూడెపు పెద్దమనిషి ఒకరు మాతో ఇట్లనెను: “వానల్ల భయపడి దూరముంటరు సారూ. గిప్పుడు నీళ్ళు తగ్గినయ్, బండలు కనబడుతున్నయ్ అని దిగుతరు. గా బండల నడుమనే లోతు ఉంటది.” ఇది నూటికి నూరుపాళ్ళు సత్యము. జలపాతముల అడుగున సుడినీరు రాళ్ళను త్రిప్పి త్రిప్పి బండలలో బావులవంటి గుంటలను తొలచును. పైన నీరు నిశ్చలముగ, మోకాలిలోతువలె కనబడును. ఒక్క అడుగు ముందుకు వేసిన తల మునుగును. తడి ఆరని బండలపై నాచు నూనెవలె జారును. ఈ జలపాతముల వద్ద అనేక సంవత్సరములుగా యువకులు మునిగి మరణించుచున్నారు. వరదనాళ్ళలో కాపలా ఉంచి, నీరు తగ్గగనే తొలగించుట తలక్రిందుల పద్ధతి అని మా అభిప్రాయము. త్రాళ్ళును, హెచ్చరిక పలకలును దీపావళి దాటువరకు ఉండవలెను. పలకపై ‘ప్రమాదము’ అని మాత్రమే వ్రాసిన ఎవరును లెక్కచేయరు. ఆ మడుగు లోతు ఎంతో మూరలలో వ్రాయించిన చదివినవాడు ఆగును.

సందర్శకులు విడిచిపోవు చెత్తను గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు, అందరును చూచుచున్నదే. ఒక్కసారి వాడి పారవేయు పలు ప్లాస్టిక్ వస్తువులను 2022 జూలై 1వ తేదీనుండి దేశమంతట నిషేధించిరి. అయినను సీసాలు, చిరుతిండి సంచులు పొదలలో చిక్కుకొనియే ఉన్నవి. గమనింపవలసినది ఏమనగా, వానలు నిలిచిన ఈ నాళ్ళలోనే వానిని ఏరుట సులభము. గడ్డి ఎండి పడిపోయిన పిదప అవి కానరావు. వేసవిలో కార్చిచ్చుకు ఆజ్యమగును. ఉప్పు రుచికి మరగి పశువులు, జింకలు ఆ సంచులను మ్రింగును. అవి కడుపులో అరగవు, బయటికి రావు. పంచాయతీకి ట్రాక్టరు ఎలాగూ ఉన్నది. రెండు దినముల పని.

ఈ నీరు ఎక్కడికి పోవుచున్నది? కుంటాల దాటిన కడెము నది కొండలగుండ పారి కడెము జలాశయమున చేరి, అచ్చటినుండి గోదావరిలో కలిసి, శ్రీపాద ఎల్లంపల్లి జలాశయము మీదుగా మంథని వైపు పోవును. అనగా కొండమీది జలపాతమును, క్రింది పెద్దపల్లి, కరీంనగర ప్రాంతముల గోదావరినీటిని వేరువేరుగ తలపరాదు. 2022 జూలైలో కడెము జలాశయమునకు ఐదు లక్షల క్యూసెక్కుల మేర వరద వచ్చినది. గేట్లన్నియు విడుదల చేయగలది సుమారు మూడు లక్షలు. కట్ట నిలుచునో నిలువదో అని క్రింది గ్రామములను రాత్రికి రాత్రి ఖాళీ చేయించిరి. అంతటి కుంభవృష్టిని ఏ అడవియు పూర్తిగా ఆపజాలదు. కాని చెట్టుచేమ లేని వాలుపై పడిన నీరు మట్టిని కోసికొని ఒక్కసారిగ దిగును. అడవి వాలుపై పడినది కొంత ఆకుచెత్తలో ఇంకి, ఆగి ఆగి దిగును. ఆ ఆగిన నీరే ఆశ్వయుజ, కార్తికములలో వాగులలో తేటగా పారునది.

అందుచేత ఈ నెలలలో పంచాయతీ సభ్యులు తమ ఊరి వాగును ఒకసారి ఎగువకు నడచి చూచుట మంచిది. చెక్‌డాముల తూములు చివరి వానకు ముందే మూయవలెను. తరువాత మూసిన నిలుచునది బురద మాత్రమే. చెక్‌డాము లేని చోట ఇసుక నింపిన సంచులతో వాగునకు అడ్డుకట్ట వేసిన, యాసంగి పైరునకును, పశువులకును, రాత్రివేళ దాహమునకు వచ్చు జంతువులకును ఒకటి రెండు నెలలు నీరు లభించును. అడవిలో నీరున్నంతకాలము అవి ఊరి బావి దరికి రావు.

ఎండినట్లు కనబడు చెట్లు, తిరిగివచ్చు పక్షులు

ఈ కాలమున కొండదారిలో పోవువారు టేకు ఆకులను చూచి కలవరపడుట కలదు. చెట్లన్నియు గోధుమవన్నెకు తిరిగి, ఆకులు ఈనెలు మాత్రమే మిగిలి జల్లెడలవలె నుండును. చెట్టు చచ్చినదని కొందరును, చలిదేశములలో వలె ఆకులు రంగు మారినవని కొందరును అనుకొందురు. రెండును కావు. ఒక చిన్న సీతాకోకజాతి పురుగు ఈనెల నడుమనున్న పచ్చని పదార్థమును తినివేయుట వలన ఇట్లగును. చెట్టు చావదు, దాని ఎదుగుదల కొంత మందగించును. చలిదేశములలో చెట్లు చలికి వెరచి ఆకు రాల్చును; మన అడవులలో నీటి కొరతకు వెరచి, చలికాలము సగము గడచిన పిదపనే రాల్చును. కావున ఆశ్వయుజమున ఎండినట్లున్న టేకును ‘చచ్చిన చెట్టు’ అని నరుకుట తెలియనితనము. వెదురును గూర్చియు ఒక మాట. ఈ వానలలో మొలచిన బొంగు అప్పుడే నిలువెత్తునకు పెరిగి ముదిరినదానివలె కనబడును గాని లోన లేతదే. దానిని నరికిన పొదయంతయు క్షీణించును.

చేల గట్లపై గునుగు తెల్లగను, గులాబిరంగుగను, బీళ్ళలో తంగేడు పసుపుగను పూయును. ఆడబిడ్డలు ఈ రెండు పూవులతోనే బతుకమ్మను పేర్తురు. పత్తి చేలలో కలుపు మందుల వాడుక పెరిగిన ఊళ్ళలో గునుగు కొరకు దూరము పోవలసి వచ్చుచున్నది. గట్టు ప్రక్క నాలుగు అడుగుల మేర మందు కొట్టకుండ విడిచిన రైతునకు నష్టమేమియు లేదు. తంగేడు మన రాష్ట్ర పుష్పము, జమ్మి రాష్ట్ర వృక్షము, పాలపిట్ట రాష్ట్ర పక్షి, మచ్చల జింక రాష్ట్ర జంతువు అని 2014 నవంబరులో ప్రభుత్వము ప్రకటించినది. ఈ నాలుగింటిని ఒక్క దినమున చూడవలెనన్న దసరా నాళ్ళలో కొండ అంచు ఊళ్ళకంటె మంచి చోటు లేదు. అయితే దసరా నాడు పాలపిట్టను చూచుట శుభమని దానిని పట్టి పంజరమున పెట్టి త్రిప్పుట చట్టరీత్యా నేరము. ఆ పిట్ట మిడతలను, పురుగులను తిని బ్రతుకును. మోడుపై కూర్చున్నదానిని చూచిన చాలును.

ఆకాశములో కూడ రాకపోకలు జరుగుచుండును. వానలతోపాటు ఆఫ్రికానుండి వచ్చిన నల్లని తెల్లని చాతకపక్షి గూడు కట్టకయే, పరుల గూట గ్రుడ్లిడి, ఈ నెలలలో తిరిగి పోవును. తోక ఆడించుచు నీటి అంచున నడచు బూడిదరంగు చిన్నపిట్టలు హిమాలయములనుండియు, ఇంకను ఉత్తరమునుండియు దిగివచ్చును. గుంపులు గుంపులుగా పొలములపై ఎగురు పసుపువన్నె తూనీగలను పిల్లలు దారము కట్టి ఆడుకొందురు. వానిలో ఒక జాతి ఈ దేశమునుండి హిందూ మహాసముద్రము దాటి ఆఫ్రికా తీరము చేరునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అరచేతిలో ఇముడు ప్రాణికి అంత ప్రయాణము!

నెమలి ఈ కాలముననే పింఛమును రాల్చును. వానలలో పురివిప్పి ఆడిన మగనెమలి శ్రావణ భాద్రపదములలో ఈకలన్నియు విడిచి మోడుగా తిరుగును. గోండుగూడెములలో దీపావళి ముందు జరుగు దండారి పండుగకు గుస్సాడీలు ధరించు నెమలి ఈకల కిరీటములను తలచిన, పండుగకును ప్రకృతికిని గల పొందిక తెలియగలదు. రాలిన ఈకలు చాలును గనుక నెమలిని చంపనక్కరలేదు. గుస్సాడీ నృత్యమునకు ఉపాధ్యాయుడైన మార్లవాయి వాసి కనక రాజునకు 2021లో పద్మశ్రీ లభించినది. ఆయన 2024 అక్టోబరులో, దీపావళికి కొద్ది దినముల ముందు, పరమపదించెను. దండారి బృందములు కాలినడకనైనను బండ్లమీదనైనను ఊరినుండి ఊరికి పోవునది ఈ వారములలోనే గనుక, దారిలోని పంచాయతీలు దీపములను, త్రాగునీటిని సిద్ధముచేయుట మర్యాద.

పత్తి చేనును పులియు

ఇక ముఖ్యవిషయమునకు వత్తుము. వానలు నిలువగనే ప్రాణహిత, పెన్‌గంగలలో నీరు తగ్గును, అడవిలో పొదలు దట్టముగ ఉండును, చలి మొదలగును. తల్లిని విడిచిన పడుచు పులులు తమకొక నెలవును, మగపులులు తోడును వెదకుచు బయలుదేరుట ఈ కాలమున హెచ్చు. మహారాష్ట్రములోని తాడోబా అడవులలో పులుల సంఖ్య పెరిగి చోటు చాలకున్నది. అచ్చటినుండి 2015లో ప్రాణహిత దాటి కాగజ్‌నగర్ అడవులకు వచ్చిన ఫాల్గుణ అను ఆడపులి ఇచ్చటనే పిల్లలను పెట్టినది. ఈ ప్రాంతమున పులి మరల కాలూనుటకు అది మొదలు. 2024 అక్టోబరు, నవంబరు మాసములలో కిన్వట్ వైపునుండి వచ్చిన ఒక మగపులి బోథ్, సారంగాపూర్, మామడ, పెంబి ప్రాంతముల మీదుగా వందలకొలది కిలోమీటర్లు తిరిగి, జాతీయ రహదారిని సైతము దాటిపోయినది. అంత తిరిగినను అది ఏ మనుష్యుని జోలికిని పోలేదు.

ఎల్లప్పుడును అట్లు జరుగదు. 2020 నవంబరులో దహేగాం, పెంచికలపేట మండలములలో పులి బారినపడి ఇరువురు మరణించిరి. 2024 నవంబరు చివర కాగజ్‌నగర్ మండలమున మరియొక స్త్రీ మరణించినది. ఈ మూడింటిలో రెండు పత్తి ఏరుచుండగా జరిగినవి. నెల ఒక్కటే అగుట యాదృచ్ఛికము కాదు. ఆ నాటికి పత్తి చేను నడుమెత్తు దాటి పెరిగి పులికి మంచి చాటగును. పత్తి ఏరు మనిషి గంటల తరబడి నడుము వంచి, మాట లేక, వెనుక చూడక పని చేయును. నిలుచున్న మనిషిని చూచి సాధారణముగ పులి తప్పుకొనును. వంగిన మనిషి దాని కంటికి నాలుగు కాళ్ళ జంతువువలె తోచవచ్చును.

అందుచేత అటవీ శాఖవారు చెప్పు జాగ్రత్తలు చిన్నవిగ కనబడినను అర్థము గలవి. ఉదయము పది గంటలకు ముందును, సాయంకాలము నాలుగు దాటిన పిదపను అడవి అంచు చేలలో పని చేయరాదు. ఒంటరిగ పోరాదు, గుంపుగ పోయి మాటలాడుచు పని చేయవలెను. తల వెనుకకు మనుష్యముఖపు ముసుగు ధరింపవలెను. పులి వెనుకనుండి వచ్చు స్వభావము గలది గనుక, ముఖము తనవైపే యున్నదని భ్రమించి వెనుదీయును. ఈ ఉపాయము 1980ల దశాబ్దమున బంగాళమునందలి సుందరవనములలో మొదలైనది. 2024లో కాగజ్‌నగర్ వైపు కూలీలకును ఈ ముసుగులు పంచిరి. చూచి నవ్వినవారున్నారు. నవ్వుట తప్పు కాదు, ధరింపకుండుట తప్పు.

ఇంకొక అపాయము మనుష్యులు చేయునది. అడవిపందులు చేలను పాడుచేయుచున్నవన్న మాట సత్యము. ఒక్క రాత్రిలో ఆరు నెలల కష్టము పోవుట మేమును చూచితిమి. రైతు కోపము న్యాయమైనదే. కాని చేను చుట్టు తీగ లాగి కరెంటు కలుపుట దానికి మందు కాదు. ఆ తీగ పందిని ఎరుగదు, పులిని ఎరుగదు, ప్రొద్దున నీళ్ళు పెట్టబోవు ప్రక్క చేని రైతును ఎరుగదు. 2025 మేలో పెంచికలపేట అడవులలో ఒక ఆడపులి ఇట్టి విద్యుత్తు ఉచ్చునకు బలియైనది. వన్యప్రాణి సంరక్షణ చట్టము, విద్యుత్ చట్టము రెండును వర్తించును. మనిషి చనిపోయినచో అంతకంటె గొప్ప నేరము. సోలారు కంచెలో విద్యుత్తు క్షణకాలపు తట్లుగా ప్రవహించుటచే జంతువు బెదరునే గాని చావదు. నలుగురైదుగురు రైతులు కలిసి వేసికొన్న ఖర్చు పంచుకొనవచ్చును.

విషము సంగతి మరియు విచారకరము. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో కొద్ది దినముల వ్యవధిలో రెండు పులులు చనిపోయినవి. పులి చంపిన పశువు కళేబరముపై విషము చల్లిరని విచారణలో తేలినది. పశువు పోయినవాని దుఃఖము మాకు తెలియనిది కాదు. కాని కళేబరమును కదల్చకుండ వెంటనే అటవీ సిబ్బందికి తెలిపిన నష్టపరిహారము లభించును. విషము చల్లిన పరిహారము పోవును, చెరసాల వచ్చును, పైగా ఆ మాంసము తినిన రాబందులు, ఊరకుక్కలు కూడ చచ్చును. పరిహారము ఆలస్యమగుచున్నదన్న ఫిర్యాదు పలుచోట్ల వింటిమి. ఆలస్యమునకు తరచు కారణము కాగితములు. పశువు చనిపోయిన దినముననే పంచాయతీ కార్యదర్శి, పశువైద్యుడు, బీటు అధికారి ముగ్గురును స్థలముననే కలిసి వ్రాతకోతలు ముగించునట్లు సర్పంచు చూచిన, రైతు ఆఫీసుల చుట్టు తిరుగ పనియుండదు.

అడవికి మేతకు పోవు పశువులకు గాలికుంటు టీకా వేయించుట కూడ ఈ కాలపు పనియే. ఆ వ్యాధి మందనుండి అడవిదున్నలకును, జింకలకును అంటుకొనును. మేత జంతువులు తగ్గిన పులి మందవైపు చూచును. ఒకదానికొకటి ముడిపడియున్నవి.

అక్టోబరు 2న గ్రామసభ జరుపు పంచాయతీలు ఈ సంగతులను పత్తి ఏరుడు మొదలు కాకముందే ముచ్చటించుటకు వీలు కలదు. మేము చూచిన ఒక పంచాయతీలో సభ్యులు గత కార్తికమున టాంటాం వేయించి, అడవి అంచు చేలకు పోవు కూలీలనందరిని ఒక్క ట్రాక్టరుపై ఉదయము పది గంటలకు చేర్చి, నాలుగు గంటలకు మరల ఎక్కించి ఊరికి తెచ్చిరి. ఎక్కినవారిని దిగినవారిని లెక్కించుట పదవ తరగతి చదువు ఒక బాలికకు అప్పగించిరి. ఆమె సంచిలో ఒక నోటుపుస్తకము, మెడలో ఒక ఈల ఉండెను. డీజిలు ఖర్చును రైతులు ఎకరమునకు ఇంత అని పంచుకొనిరి. మేము పోయిన సాయంకాలము నలుబది ఒక్కరు ఎక్కి నలుబది ఒక్కరు దిగిరి.